కాశీలో బస ఎక్కడ: మెట్లు లెక్కపెట్టి గది తీసుకోండి

రెండు నెలలుగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో కాశీ ప్రయాణం గురించినవే ఎక్కువ. దర్శనం వేళలు, రైళ్లు, పూజల గురించి అడిగినవారు కొందరున్నా, చాలామందిని ఇబ్బంది పెడుతున్న ప్రశ్న ఒక్కటే: పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు ఎక్కడ దిగాలి? కాశీలో తప్పుచోట గది తీసుకుంటే ఆ ఇబ్బంది పొద్దున్నే మొదలై రాత్రిదాకా వెంట వస్తుంది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: దసరా సెలవుల్లో ఐదు రాత్రులు కాశీలో ఉండాలనుకుంటున్నాము. మేము ఆరుగురం. మామగారికి 74 ఏళ్లు, అత్తగారికి 68. అత్తగారికి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఒక్క అంతస్తు ఎక్కడం కూడా కష్టమే. పిల్లలకు 12, 6 ఏళ్లు. మావారు కంటోన్మెంట్‌లో లిఫ్టు ఉన్న హోటల్ చూశారు. మామగారేమో గది కిటికీలోంచి గంగ కనిపించకపోతే కాశీకి వెళ్లి ఏం లాభం అంటున్నారు. ఇద్దరి మాటా కాదనలేకపోతున్నాను. ఏది మంచిదో చెప్పండి.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు ఆ ఊరి స్వరూపం చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే సగం సందేహం తీరిపోతుంది. కాశీ దగ్గర గంగ ఉత్తరంగా తిరిగి ప్రవహిస్తుంది. పడమటి ఒడ్డున, దక్షిణాన అస్సీ నుంచి ఉత్తరాన రాజ్‌ఘాట్ దాకా ఆరు కిలోమీటర్లకు పైగా వరసగా ఘాట్లు ఉన్నాయి. వాటిని 84 అని లెక్క చెబుతారు. ఊరు ఎత్తైన గట్టు మీద ఉంది, నది కింద ఉంది, ఆ రెంటికీ మధ్య ఉన్నవన్నీ మెట్లే. ఆ గట్టు మీద, పెద్ద రోడ్డుకీ నదికీ నడుమ, కారు కాదుగదా ఆటో కూడా దూరలేని సందులు ఉన్నాయి. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కేదారేశ్వరుడు అందరూ ఈ సందుల వైపే ఉన్నారు. మీవారు చూసిన కంటోన్మెంట్ రైల్వే స్టేషను వెనక వైపు ప్రాంతం. అక్కడి నుంచి గుడికి దగ్గరి కూడలి అయిన గొదౌలియాకు సుమారు ఐదు కిలోమీటర్లు ఉంటుంది.

ఐదు కిలోమీటర్లంటే ఎంతని మీవారు అనవచ్చు. రాజమహేంద్రవరంలో అయితే అది నిజమే. కాశీలో పండుగ రోజుల సాయంత్రం ఆ దూరానికి గంటకు పైగా పట్టినా ఆశ్చర్యం లేదు. పైగా దసరా సమయంలో ఆ ఊళ్లో బెంగాలీలు పెట్టే దుర్గాపూజ పందిళ్లు వీధివీధినా ఉంటాయి, రామలీలలు ఉంటాయి. గొదౌలియా చేరిన తరువాత కూడా దశాశ్వమేధ ఘాట్ దాకా సుమారు అర కిలోమీటరు జనంలో నడవాల్సిందే, ఎందుకంటే ఆ దారిలో కార్లను వదలరు. అయితే దూరం కన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. కాశీలో చూడవలసినదంతా రోజుకు రెండు కొసల్లో ఉంటుంది. సూర్యోదయం వేళ నది ఒక కొస, సంధ్యవేళ హారతి రెండో కొస. నడిమి ఐదారు గంటలు పెద్దవాళ్లు పడుకోవాలి, పిల్లలు స్నానం చేసి అన్నం తినాలి. బస దూరంగా ఉంటే మధ్యాహ్నం వెనక్కి రావడం కుదరదు. తెల్లవారుజామున బయలుదేరిన కుటుంబం రాత్రి తొమ్మిదింటిదాకా వీధుల్లోనే తిరుగుతుంది, రెండో రోజుకే అందరి ఒంట్లోనూ ఓపిక అయిపోతుంది. కంటోన్మెంట్ హోటళ్లలో సౌకర్యాలు బాగానే ఉంటాయి. రాత్రి రైలు దిగి తెల్లవారి సారనాథ్ చూసుకుని వెళ్లిపోయేవారికి అవి సరిపోతాయి. మీకు సరిపోవు.

ఇక మీ మామగారి కోరిక. ఆ కోరికను నేను చిన్నచూపు చూడను, ఎందుకంటే ఒకప్పుడు నేనూ అదే కోరికతో మా అమ్మను తీసుకుని వెళ్లాను. నది పక్కనే, మూడో అంతస్తులో, మూడు కిటికీలూ గంగ మీదికే తెరుచుకునే గది దొరికింది. ఫోనులో మాట్లాడినాయన ఘాట్ పక్కనే అన్నాడు, అది అబద్ధం కాదు. ఆటో ఆగిన చోటి నుంచి సందుల్లో నడక, తరువాత ఇంటి లోపల నిటారుగా, జానెడు వెడల్పున్న రాతిమెట్లు, లిఫ్టు లేదు. ఎక్కేసరికి అమ్మ తెల్లబోయి కూర్చుంది. మరునాడు పొద్దున్నే స్నానానికి దిగుదామంటే, దిగితే మళ్లీ ఎక్కలేనని అంది. రెండు రోజులు ఆవిడ గంగను కిటికీలోంచే చూసింది. అంత దూరం వచ్చి, నీళ్లకు నూరు అడుగుల దూరంలో ఉండి, కాలు తడవకుండా రెండు రోజులు గడిపిన ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. మూడో రోజు గది మార్చాము. నది కనిపించడం వేరు, నది దగ్గరికి వెళ్లగలగడం వేరు అని ఆనాడు తెలిసింది.

అందువల్ల మీ ఇంట్లో అందరికన్నా బలహీనమైన మోకాళ్లు ఎవరివో, ఆ మోకాళ్లను బట్టి గది చూడండి. మీ విషయంలో నా సలహా అస్సీ ప్రాంతం. అస్సీ కూడలి, భదైనీ, దుర్గాకుండ్, రవీంద్రపురి వైపు వాహనం గుమ్మం దాకా వచ్చే బసలు ఉన్నాయి. ఘాట్ దాకా రోడ్డు దాదాపుగా వస్తుంది కాబట్టి అత్తగారు కొద్ది నడకతో నది ముందు కూర్చోగలుగుతారు. అక్కడ 2014 నుంచి ప్రతి ఉదయం సూర్యోదయానికి ముందే హారతి, వేదపఠనం, సంగీతం, యోగాభ్యాసం జరుగుతున్నాయి, దానిని సుబహ్-ఎ-బనారస్ అంటారు. మామగారు రోజూ తెల్లవారుజామున నడుచుకుంటూ వెళ్లి ఆ సంగీతం వింటూ తూర్పున ఎదురుగా సూర్యుడు లేవడం చూస్తే, కిటికీ గురించి ఆయన మళ్లీ అడగరని నా నమ్మకం. సంకటమోచన హనుమంతుడు, దుర్గాకుండ్, తులసీ మానస మందిరం ఈ వైపే ఉన్నాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయం, దానిలోని సుందర్‌లాల్ ఆసుపత్రి కూడా దగ్గరే. వయసు మీదపడినవారితో ప్రయాణించేటప్పుడు ఆసుపత్రి ఎంత దూరమో చూసుకోవడం అపశకునం కాదు, బాధ్యత.

సాయంత్రం దశాశ్వమేధ హారతికి రోడ్డు మీద వెళ్లకండి. అస్సీలోనే పడవ ఎక్కండి. ఘాట్లన్నీ చూసుకుంటూ వెళ్లి, దశాశ్వమేధం ఎదుట పడవ నిలిపించుకుని, అందులోనే కూర్చుని హారతి చూసి, అదే పడవలో వెనక్కి రావచ్చు. అత్తగారు ఎక్కవలసినవి అస్సీ దగ్గరి కొద్దిపాటి మెట్లే. పడవ ఎక్కేముందే రానూపోనూ ఎంతో, హారతి అయ్యేదాకా ఉంటాడో లేదో పడవవాడితో తేల్చుకోండి. అయితే ఒక జాగ్రత్త అవసరం. వరద తీసిన తరువాత ఘాట్ల మీద మనిషి ఎత్తున ఒండ్రు పేరుకుంటుంది, దాన్ని నీళ్లతో కొట్టి కడగడం అక్టోబరులో కూడా సాగుతూ ఉంటుంది. కనుక ఒక ఘాట్ నుంచి మరో ఘాట్‌కు ఒడ్డు వెంట నడిచి పోదామనే లెక్క మీద గది తీసుకోవద్దు. పడవలు తిరుగుతున్నాయా లేదా అన్నది కూడా వెళ్లే ముందు వారం బసవారిని అడిగి తెలుసుకోండి.

విశ్వనాథ దర్శనానికి అత్తగారిని తెల్లవారకముందే ఆటోలో తీసుకుని వెళ్లండి. ఆ వేళ రోడ్లు ఖాళీగా ఉంటాయి. 2021 డిసెంబరు 13న ప్రారంభమైన కొత్త ప్రాంగణానికి నది వైపు లలితా ఘాట్ నుంచి కూడా ద్వారం ఉంది గాని, అటు మెట్లు ఎక్కువ. రోడ్డు వైపు నుంచే వెళ్లండి, చక్రాల కుర్చీ దొరుకుతుందేమో ద్వారం దగ్గర అడగండి. గుడిలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు కనుక వాటిని గదిలోనే వదిలి వెళ్లడం సుఖం. మామగారికి మంగళ హారతి చూడాలని ఉంటే, అది తెల్లవారుజామున 3 గంటలకు మొదలవుతుంది, ముందుగా దేవస్థానం టికెట్టు తీసుకోవాలి. ఆ ఒక్క రాత్రికి మాత్రం మీవారూ మామగారూ ఒక చిన్న సంచితో గుడి దగ్గర సందుల్లో, గంగ కనిపించే గదే తీసుకుని పడుకోవచ్చు. రెండు బసలకు డబ్బు దండగ అని అనుకోకండి. ఆరుగురినీ సామానుతో ఆ సందుల్లోకి ఎక్కించడం కన్నా అదే చవక, ఆయన కోరికా తీరుతుంది.

పిల్లల కోసం ఇంకొక మాట. దసరాకు అటూఇటూగా దాదాపు నెల రోజులు గంగకు ఆవలి ఒడ్డున రామనగర్‌లో రామలీల జరుగుతుంది. మైకులు, విద్యుద్దీపాలు లేకుండా, ఊరంతా వేదికగా, ఒక్కొక్క రోజు ఒక్కొక్క చోట ఆడతారు. అస్సీ వైపు ఉంటే లంక అనే పేట దాటి వంతెన మీదుగా తేలికగా వెళ్లవచ్చు. ఆ పేటకు లంక అనే పేరు కూడా రామలీలలోని లంక ఘట్టం వల్ల వచ్చినదే, పిల్లలకు చెప్పండి, సంతోషిస్తారు. సారనాథ్ మాత్రం ఊరికి ఆ చివర పది కిలోమీటర్ల దూరంలో ఉంది. దానికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. అక్కడి మ్యూజియానికి శుక్రవారం సెలవు కనుక ఆ రోజు పెట్టుకోవద్దు.

గది మాట్లాడేటప్పుడు ఘాట్ ఎన్ని మీటర్లని అడగకండి. ఆటో ఆగే చోటి నుంచి మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లని అడగండి. లిఫ్టు ఉందని చెబితే, అది నేల నుంచే మొదలవుతుందా, పది మెట్లు ఎక్కిన తరువాతా అని మళ్లీ అడగండి. గుమ్మం నుంచి గది దాకా ఫోనులో వీడియో తీసి పంపమంటే మంచి బసవారు విసుక్కోరు. వెస్టర్న్ కమోడ్ ఉందా, గీజరు ఉందా, కిటికీ బయటికి తెరుచుకుంటుందా, దానికి ఇనుప గ్రిల్ ఉందా అన్నవి తరువాతి ప్రశ్నలు. గ్రిల్ కోతుల కోసం. ఆరేసిన బట్టలు, తెరిచి ఉంచిన సంచులు అవి వదలవు.

ప్రశ్న: నేను, మా ఆవిడ ఇద్దరం ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులం. కార్తీకంలో కాశీలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని సంకల్పం. సత్రంలో ఉండమని కొందరు, అంత కాలం సత్రం కష్టమని, లాడ్జి తీసుకోమని కొందరు చెబుతున్నారు. సత్రాల్లో గది ఎలా సంపాదించాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, తొమ్మిది రాత్రులంటే నేను సత్రం వైపే మొగ్గుతాను. రెండు రోజులైతే లాడ్జి బాగుంటుంది. మూడో రోజు నుంచి బయటి తిండి ఒంటికి పడదు, అయిదో రోజు నుంచి పలకరించే మనిషి కావాలనిపిస్తుంది. వేళకు పప్పూ కూరా చారుతో భోజనం, పక్క గదిలో మన భాష, పితృకార్యాలకు తెలిసిన పురోహితుడు, ఈ మూడూ ఒకే చోట దొరకడం చిన్న విషయం కాదు.

తెలుగువారి సత్రాలు, ఆశ్రమాలు ఎక్కువగా కేదార ఘాట్ నుంచి మానస సరోవర ఘాట్ దాకా, దాని వెనకనున్న పాండే హవేలీ, సోనార్‌పురా పరిసరాల్లో ఉన్నాయి. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం మానస సరోవర ఘాట్ దగ్గరే ఉంది. కేదార ఘాట్‌ను ఆనుకుని విజయనగర సంస్థానాధీశుల పేరు మీద విజయనగరం ఘాట్ ఉంది. ఇక్కడికి తెలుగువారి రాకపోకలు తరతరాల నాటివి, అందుకే ఆ సందుల్లో దుకాణదారులూ పడవవాళ్లూ కూడా మనతో తెలుగులోనే బేరం చేస్తారు. మీరు అక్కడ ఉంటే కేదారేశ్వరుడు రోజూ నడిచి వెళ్లే దూరంలో ఉంటాడు. కానీ కేదార ఘాట్ మెట్లు నిటారుగా, ఎత్తుగా ఉంటాయి. మీలో ఎవరికైనా మోకాళ్లు నొప్పులుంటే మానస సరోవరం దగ్గరో, అస్సీ దగ్గరో స్నానం చేసుకోండి. పుణ్యం తగ్గదు.

సత్రంలో గదికి రెండు మూడు నెలల ముందే ఫోను చేయండి. కార్తీకంలో తెలుగువారి తాకిడి మరీ ఎక్కువ. మాట్లాడగానే, మొదటి మాటగా, తొమ్మిది రాత్రులూ ఒకే గది ఇస్తారా అని అడగండి. చాలా చోట్ల ఇన్ని రోజులకు మించి ఉండకూడదన్న నియమం ఉంటుంది. అది తెలియక వెళ్లినవారు నడిమధ్యలో మూటాముల్లె సర్దుకుని మరో సత్రం వెతుక్కున్న సందర్భాలు నేను కళ్లారా చూశాను. కొన్ని సత్రాలు ఒక్కొక్క కులంవారు తమవారి కోసం కట్టుకున్నవి. కొన్ని చోట్ల ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వరు. ఇవన్నీ ముందే అడిగి తెలుసుకుంటే గుమ్మంలో నిలబడి చిన్నబుచ్చుకోవలసిన అవసరం రాదు. ఇద్దరి ఆధార్ కార్డులూ వెంట ఉంచుకోండి. గది పాతదైనా సర్దుకోవచ్చు, దుప్పట్లు మాత్రం మీవి తీసుకుని వెళ్లండి, ఎందుకంటే కార్తీకం చివరికి అక్కడ రాత్రుళ్లు మన దగ్గరకన్నా బాగా చలిగా ఉంటాయి.

కార్తీక పౌర్ణమి మీ తొమ్మిది రాత్రుల్లో వస్తుందేమో పంచాంగం చూసుకోండి. ఆ రోజు దేవదీపావళి. ఘాట్లన్నిటి మీదా దీపాలు పెడతారు, దేశం నలుమూలల నుంచి జనం వస్తారు, ఆ రెండు మూడు రోజులు లాడ్జీల ధరలు ఎన్నో రెట్లు పెరుగుతాయి, నది వైపు రోడ్లలో వాహనాలు ఆపేస్తారు. చూడవలసిన దృశ్యమే. కాని ఆ రోజున ఊళ్లోకి దిగడం, ఊళ్లోంచి రైలుకు బయలుదేరడం మాత్రం పెట్టుకోవద్దు. పౌర్ణమికి రెండు రోజుల ముందే గదిలో చేరి ఉండండి.

మరొకటి. సికింద్రాబాద్ నుంచి మీరు దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే అది వారణాసి జంక్షన్‌కు పోదు. ఒకప్పటి మొగల్‌సరాయి, ఇప్పటి దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాలి. అక్కడి నుంచి కాశీకి పదిహేను కిలోమీటర్లకు పైనే ఉంటుంది. సత్రం దాకా సామాను మోసే మనిషిని ముందే మాట్లాడి ఉంచమని సత్రంవారిని అడగండి. చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ల సందుల్లో పనికిరాదు, భుజానికి తగిలించుకునే సంచులే మంచివి.

ప్రశ్న: ఆగస్టులో వరసగా నాలుగు రోజులు సెలవులు వచ్చాయి. గంగ ఒడ్డున మంచి గదులు ఆ నెలలో సగం ధరకే చూపిస్తున్నారు. మేమిద్దరం, మూడేళ్ల బాబు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ధర ఎందుకు తగ్గిందో చెబితే మీరే నిర్ణయించుకోగలరు. జూలై చివరి నుంచి సెప్టెంబరు దాకా గంగకు వరద కాలం. కాశీలో నది మట్టానికి 70.262 మీటర్లు హెచ్చరిక స్థాయి, 71.262 మీటర్లు ప్రమాద స్థాయి. 1978లో అది 73.901 మీటర్లకు చేరింది, ఇప్పటికీ అదే రికార్డు. ప్రమాద స్థాయికి చాలా ముందే ఘాట్ల మధ్య నడకదారి మునిగిపోతుంది, పడవలు నిలిపివేస్తారు, దశాశ్వమేధ హారతిని మెట్ల మీది నుంచి వెనక్కి, ఒక్కోసారి మేడ మీదికి జరుపుతారు. మీరు డబ్బిచ్చి తీసుకునే గది నుంచి కనిపించేది ఘాట్లు మునిగిన ఎర్రటి నీరు. ఆ దృశ్యంలోనూ ఒక గాంభీర్యం ఉంది, నేను కాదనను. కాని మూడేళ్ల పిల్లవాడితో తడి పాచి మెట్లున్న ఇంట్లో నాలుగు రోజులు అంటే తల్లిదండ్రుల్లో ఒకరు వాడి చెయ్యి వదలకుండా కూర్చోవలసిందే. పైగా శ్రావణ సోమవారాల్లో కావడులతో వచ్చే భక్తుల వల్ల గుడి చుట్టుపక్కల దారులు మూసేస్తారు. ఉత్తరాదివారి శ్రావణం మన శ్రావణం కన్నా పదిహేను రోజులు ముందు మొదలవుతుంది కనుక మన పంచాంగం చూసి లెక్క వేసుకోవద్దు.

వెళ్లి తీరాలనుకుంటే నదికి దూరంగా, ఎత్తున ఉన్న సిగ్రా, మహమూర్‌గంజ్ వైపు గది తీసుకోండి. వరద వస్తే ఒడ్డు గదుల్లో ఉన్నవారిని ఖాళీ చేయించవచ్చు కాబట్టి, రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి ఇచ్చే షరతు మీదే బుక్ చేయండి. నన్నడిగితే ఇదే ప్రయాణాన్ని ఫిబ్రవరికి మార్చుకోమంటాను. అప్పటికి పొగమంచు తగ్గుతుంది, ఎండ ముదరదు, మెట్లు శుభ్రంగా ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి, పొద్దున పడవ ఎక్కినా ఎదుటి ఒడ్డు కనిపించదు.

ప్రశ్న: మేము డల్లాస్‌లో ఉంటాము. వచ్చే మార్చిలో పిల్లలతో ఇండియా వచ్చి, మా అమ్మానాన్నలను వెంటబెట్టుకుని కాశీ వెళ్లాలని ఉంది. ఒక ఆశ్రమం పేరుతో ఉన్న వెబ్‌సైట్‌లో గదులు చూశాను. మొత్తం డబ్బు ముందే పంపమంటున్నారు. నమ్మవచ్చా? పిల్లలు అక్కడే పుట్టినవారు.
– ఒక పాఠకురాలు, డల్లాస్

జవాబు: మొత్తం డబ్బు పంపవద్దు. పుణ్యక్షేత్రాల్లో ఆశ్రమాలు, సత్రాల పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి డబ్బు కాజేస్తున్నారని 2025లో కేంద్ర హోంశాఖకు చెందిన సైబర్ నేరాల విభాగం కూడా ప్రజలను హెచ్చరించింది. ఆశ్రమాలు నడిపేవారు సాధారణంగా కొద్దిపాటి మొత్తమే తీసుకుంటారు, లేదా వచ్చాక కట్టమంటారు. వెబ్‌సైట్‌లో ఉన్న నంబరుకు కాకుండా, అక్కడికి ఇటీవల వెళ్లివచ్చినవారి దగ్గర రసీదు మీద ఉన్న నంబరు తీసుకుని మాట్లాడండి. డబ్బు ఒక వ్యక్తి పేరున్న ఖాతాకు పంపమన్నారంటే అక్కడితో ఆపేయండి. ఇప్పటికే ఏమైనా పంపి ఉంటే ఇండియాలోని మీవారి చేత వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయించండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు నిలిపివేయడం కష్టమవుతుంది.

రెండో విషయం మీరు అడగలేదు గాని దానివల్లనే చాలామంది ప్రవాసులు రాత్రివేళ రోడ్డున పడుతున్నారు. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారు దిగితే, బస ఇచ్చినవారు 24 గంటల్లోగా, 2025 దాకా ఫారం సి అని పిలిచిన వివరాల పత్రాన్ని ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో పంపాలి. చిన్న లాడ్జీలు, సత్రాలు చాలావరకు ఆ పని పెట్టుకోవు, విదేశీ పాస్‌పోర్టు చూడగానే గది లేదంటాయి. మీ పిల్లలు పసివాళ్లైనా పాస్‌పోర్టు అమెరికాదే కనుక, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారికి గది ఇస్తారా అని ముందే స్పష్టంగా అడిగి, ఆ జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. అమ్మానాన్నలకు సత్రం మీద మనసుంటే వారిని సత్రంలో, మిమ్మల్ని దగ్గరలోని హోటల్లో ఉంచుకోవడం ఒక మార్గం. కానీ నా మాట వినేటట్లయితే అందరూ ఒకే చోట ఉండండి. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి కలిసే మనుమలు, తాతా అమ్మమ్మలు కాశీలో వేర్వేరు కప్పుల కింద నిద్రపోవడం నాకు నచ్చదు.

విమానాశ్రయం బాబత్‌పూర్‌లో, ఊరికి సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. విమానం సాయంత్రం దిగేదైతే మొదటి రాత్రి సందుల్లోని బసకు వెళ్లే ప్రయత్నం చేయకండి. ఇండియాకు వచ్చిన వెంటనే వెళ్తున్నారు కనుక పిల్లలకు నిద్రవేళలు తారుమారై తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. దాన్ని ఇబ్బందిగా తీసుకోకుండా అదే వేళకు నది దగ్గరికి తీసుకుని వెళ్లండి, సూర్యోదయపు పడవకు అంతకన్నా మంచి ప్రయాణికులు ఉండరు. అందుకోసమైనా ఘాట్‌కు నడిచి వెళ్లగలిగే చోట ఉండండి.

ప్రశ్న: మాకు దొరికిన గది హరిశ్చంద్ర ఘాట్ పక్కన ఉంది. మా పాపకు తొమ్మిదేళ్లు. అక్కడ చితులు కాలుతూ ఉంటాయంటున్నారు. పిల్ల భయపడుతుందా? గది మార్చుకోవాలా?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: హరిశ్చంద్ర ఘాట్‌లోనూ మణికర్ణికలోనూ రాత్రింబవళ్లు దహనాలు జరుగుతాయి. కాశీకి వెళ్లినవారు వాటిని చూడకుండా ఉండలేరు. పడవలో నుంచి కనిపిస్తాయి, సందుల్లో శవయాత్రలు ఎదురవుతాయి. కనుక పాపకు ఇంటి దగ్గరే, అక్కడ ఏం చూస్తుందో, కాశీలో పోవాలని పెద్దలు ఎందుకు కోరుకుంటారో నెమ్మదిగా చెప్పి తీసుకుని వెళ్లండి. ముందుగా చెబితే పిల్లలు భయపడరు, ప్రశ్నలు వేస్తారు. ఓపికగా జవాబు చెప్పాలి, అంతే.

పగలు కాసేపు చూడటం వేరు, అక్కడే పడుకోవడం వేరు. గాలి ఇటు తిరిగితే పొగ గదిలోకే వస్తుంది, ఆస్తమా ఉన్నవారికి అది మంచిది కాదు. అర్ధరాత్రి కూడా రామనామంతో శవాలు వస్తూనే ఉంటాయి. ఆ గది కిటికీ ఘాట్ వైపు తెరుచుకుంటుందా, వీధి వైపా అని ఫోను చేసి అడగండి. వీధి వైపైతే, ఇంట్లో ఎవరికీ శ్వాస ఇబ్బంది లేకపోతే, ఉండవచ్చు. ఘాట్ వైపే అయితే, ఒక్క ఐదు నిమిషాల నడక ఉత్తరంగా, కేదార ఘాట్ దాటి చౌకీ ఘాట్ వైపు, లేదా దక్షిణంగా శివాలా వైపు చూసుకోండి. గది మారిస్తే అడ్వాన్సు పోతుందని సంకోచించేవారికి నేనొకటే చెబుతాను: అదే బసలో వెనక వైపు గది ఉందేమో అడగండి. నది కనిపించని ఆ గదులు చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి, మారుస్తామంటే వారూ సంతోషంగానే ఒప్పుకుంటారు.